రాహుకాలం దాటిన నిమిషం

నేనొక పిల్ల పొట్ట కొట్టాను. ఆరేళ్లయింది. ఈ ఒక్క వాక్యాన్ని లోపల పెట్టుకుని ఆరేళ్లుగా తిరుగుతున్నాను. బస్సెక్కినా నాతోనే వస్తుంది, పప్పుకి పోపు పెడుతున్నా నాతోనే ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆయనకు చెప్పలేదు. దేవుడి పటం ముందు నిలబడి కూడా చుట్టూ తిప్పి చెప్పానే గానీ సూటిగా చెప్పలేదు. దేవుడి దగ్గర కూడా నాకు మంచి పేరు కావాలి మరి! మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో ఆగిపోతే కోప్పడకండి. నాకు అలవాటు లేని పని ఇది.

నా పేరు వద్దు. ఉండేది అనంతపురంలో. పుట్టిల్లు బత్తలపల్లె పక్కన ఒక పల్లె. టైర్ల దుకాణం పైన మేడ మీద మా ఆఫీసు. వెబ్‌సైట్లు చేస్తాం. ధర్మవరం చీరల అంగళ్లకు, విత్తనాల డీలర్లకు, ప్రైవేటు స్కూళ్లకు, డ్రిప్పు పైపులు అమ్మేవాళ్లకు. మా సారు బట్టల వ్యాపారం చేసే ఇంటి మనిషి. ఆయనకు కంప్యూటర్ పట్టుకోవడం రాదు, గిరాకీని పట్టుకోవడం వచ్చు. ఆఫీసు తెరిచిన రోజు నుంచి నేను అక్కడ ఉన్నాను. మొదట ఉత్తరాలు టైపు చేసేదాన్ని. తర్వాత వెబ్‌సైట్ల పని నాకు నేనే నేర్చుకున్నాను. ఇంజనీరింగు చదవలేదు. నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఒక్కో తప్పూ చేసి, ఒక్కో తిట్టూ తిని నేర్చుకున్నాను. అక్కడ ఏది చెడిపోయినా మా సారు మెట్లు ఎక్కుతూనే ఒకటే కేక వేసేవాడు. "అమ్మ యాడుండాది?"

అమ్మ అంటే నేనే. ఆ కేక కోసమే నేను పనికి పోయేదాన్నేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. ఇంట్లో అంత గట్టిగా నన్నెవరూ వెతకరు.

అప్పుడు సలోమి వచ్చింది.

ముదిగుబ్బ అవతల పల్లె ఆమెది. వాళ్ల నాయనకు గొర్రెల మంద ఉండేది. ఇరవై రెండేళ్ల పిల్ల, నూనె పెట్టి బిగించి అల్లిన జడ, చర్చిలో పాటలకు కీబోర్డు వాయించే వేళ్లు. మొదటి రోజు చెప్పులు గది బయట విడిచి లోపలికి వచ్చింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నన్ను చూసి "అక్కా" అంది. ఆ రోజు నుంచి నేనే పక్కన కూర్చోబెట్టుకుని పని చూపించాను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. నేను మొదటి నుంచీ చెడ్డదాన్ని కాదని మీరు అనుకోవాలని చెబుతున్నాను. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా ఎంత జాగ్రత్త పడుతున్నానో.

నాలుగు నెలలు గడిచేసరికి నేను చూపించడానికి ఏమీ మిగల్లేదు. నేను నాలుగు రోజులు తల పట్టుకున్న పనిని ఒక మధ్యాహ్నంలో ముగించేది. ముగించి, "ఇట్ల చేసినాక్కా, సరిపోతాదా?" అని నన్నే అడిగేది. సరిపోతుందని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. మర్యాదకు అడిగేది. ఆ మర్యాదే నన్ను కాల్చేది. పొగరుగా ఉన్నా బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని. ఆ పిల్లలో తిట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. సంగటి, చెనక్కాయల చట్నీ తెచ్చుకునేది. డబ్బా మూత తీయగానే మొదటి ముద్ద నా మూతలో పెట్టేది.

తింటూ తింటూ ఇంటి సంగతులు చెప్పేది. ఆ ఏడు వాన పడలేదు. ముందటి ఏడూ అంతంత మాత్రమే. చేనులో మేతకు చెనక్కాయ కట్టె లేదు, కొండ మీద గడ్డి లేదు. మంద ఎండిపోతోంటే వాళ్ల నాయన మేత కొని వేస్తున్నాడు. "నా జీతం మేం తినడంల్యా అక్కా, గొర్రెలు తింటాండాయి" అని నవ్వేది. మంద అమ్మేసి బెంగుళూరులో కాపలా పనికి పోతానని వాళ్ల నాయన అంటే, నేనున్నా గదా అని ఈమె ఆపిందట. ఇది నాకు తెలుసు. బాగా గుర్తుపెట్టుకోండి. ఆమె ఉద్యోగం పోతే ఏం పోతుందో నాకు ముందే తెలుసు.

ఒకరోజు సారు మెట్లెక్కుతూ కేక వేశాడు. "ఆ పాప యాడుండాది?"

నేను కుర్చీలోంచి సగం లేచి ఉన్నాను. అలాగే కూర్చున్నాను. ఎవరూ గమనించలేదు. నేను మాత్రం ఆ పొద్దంతా ఆ సగం లేవడాన్నే తలుచుకున్నాను. సిగ్గు, కోపం, మంట. తర్వాత్తర్వాత టీ గ్లాసు కూడా ముందు ఆమె బల్ల మీదికి పోయింది. ధర్మవరం చీరల షావుకారు ఫోను చేస్తే ఆ చిన్నమ్మికి ఇవ్వండి అనేవాడు. నేను ఆమెను చూసి ఏడ్చాను. కళ్లలో నీళ్లు కావు, ఇంకో రకం ఏడుపు. ఆ పిల్ల కొత్త చుడీదారు వేసుకొస్తే కూడా ఓర్వలేకపోయాను. నలభైకి దగ్గరపడుతున్న దాన్ని, ఇరవై రెండేళ్ల పిల్ల చుడీదారు మీద ఏడవడం ఏమిటి? థూ!

ఇప్పుడు పని సంగతి కొంచెం చెప్పాలి. ఓపిక పట్టండి, కష్టమేమీ కాదు.

వెబ్‌సైటు పేజీలు మా కంప్యూటర్లో మారుస్తాం. అవి అందరికీ కనబడాలంటే ఎక్కడో దూరాన మేము అద్దెకు తీసుకున్న సర్వర్‌లోకి చేరాలి. ఆ సర్వర్ కూడా ఒక కంప్యూటరే. ఏ మార్పు ఎవరు చేశారో లెక్క పెట్టుకుని పేజీలను పంపే పద్ధతిని గిట్ అంటారు. సలోమి రాకముందు ఆ పంపకం నా పద్ధతిలో జరిగేది. సర్వర్‌కు నేనొక గడియారం పని పెట్టాను. ప్రతి అరగంటకూ అది తనంతట తానే లేచి, కొత్త పేజీలు ఏమైనా ఉంటే తెచ్చుకునేది. గంట కొట్టగానే ఒకసారి, అర గంటకు ఒకసారి. మోటు పద్ధతే. కానీ ఎనిమిదేళ్లు నడిచింది. సలోమి వచ్చాక కొత్త ఏర్పాటు చేసింది. మేం ఇక్కడ పుష్ అని కొట్టి మీట నొక్కితే చాలు, ఆ క్షణమే అక్కడ వెబ్‌సైటు మారిపోతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పాత ఏర్పాటు తీసేసినావా అక్కా అని అప్పుడే అడిగింది. ఆఁ తీసేస్తాలే అన్నాను. తీయలేదు.

మరిచిపోయానా? బద్ధకమా? నా ఎనిమిదేళ్ల పద్ధతిని నా చేత్తోనే పీకేయమంటుందా అన్న ఉక్రోషమా? ఇన్నిసార్లు తరచి చూసుకున్నాను, ఇప్పటికీ తెలియదు. ఇక్కడిదాకా మరుపు అనే అనుకుందాం. నేను ఒప్పుకోవాల్సింది ఇది కాదు.

ఇక మా సారు అలవాటు ఒకటి ఉంది. ఏ వెబ్‌సైటైనా, ఏ కొత్త పేజీ అయినా, రాహుకాలంలో బయటికి పోకూడదు. ఇంట్లో తరతరాలుగా అంగడి తలుపు తీసే అలవాటు అది, ఇక్కడికి కూడా తెచ్చాడు. బుధవారం ఒకటిన్నర దాకా ఆగాలి. గురువారం మూడు దాకా. శుక్రవారం పన్నెండు దాకా. పని పొద్దున్నే అయిపోయినా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆయన మా వెనక నిలబడి చేతిలో ఫోను గడియారం చూస్తూ, రాహుకాలం దాటిన నిమిషానే "ఊఁ, కొట్టమ్మా" అనేవాడు. కొట్టేవాళ్లం. నా కాలంలో అది ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. రాహుకాలం ముగిసేది ఎప్పుడూ గంట మీదో, అర గంట మీదో. నా గడియారం పని లేచేది కూడా సరిగ్గా అప్పుడే. సలోమి పంపిన పేజీలు, నా పాత పని తెచ్చే పేజీలు ఒకే గుమ్మంలో ఎదురుపడేవి. అలా రెండు పనులు ఒకేసారి పేజీల మీద చెయ్యి వేయకుండా గిట్ ఒక తాళం వేస్తుంది. నా పని ముందు చేరితే తాళం వేసుకునేది, సలోమి పని సగంలో ఆగిపోయేది. కొన్ని పేజీలు కొత్తవి, కొన్ని పాతవి. బొమ్మలు కనబడవు, నొక్కితే తెల్ల పేజీ వస్తుంది. అదీ ప్రతిసారీ కాదు. ఆమె వేలు రెండు క్షణాలు ఆలస్యమైతే ఏమీ కాదు. కొంతసేపు ఆగి మళ్లీ పంపితే చక్కగా పోతుంది.

ఈ పనిలో వచ్చిపోయే తప్పు అంత చెడ్డది ఇంకోటి లేదు. ఎప్పుడూ ఉండే తప్పును పట్టుకుని సరిచేయవచ్చు. వచ్చిపోయే తప్పును వెతుకుదామంటే అది ఉండదు, అందరూ చూస్తుంటే వస్తుంది. చివరికి చూసేవాళ్లు యంత్రాన్ని వదిలేసి మనిషిని అనుమానిస్తారు. మా దగ్గరా అదే జరిగింది. మూడోసారి ఆగిపోయినప్పుడు సారు మెల్లగా అన్నాడు. "మంచి గడియ చూసి కొట్టిస్తాండా. అమ్మ కొట్టినప్పుడు ఎప్పుడన్నా ఇట్లయిందా? ఈ పాప హస్తవాసి అంత మంచిది కాదేమో."

డాక్టరు గురించి అనే మాట అది. ఆ మాట వెనకాల ఇంకో మాట ఉంది. మన గడియలు, మన పంచాంగం పట్టించుకోని ఇంటి పిల్ల అని. ఎవరూ పైకి అనలేదు. నేనూ అనలేదు. తల మాత్రం ఊపాను. చిన్నగా, అవును సార్ అన్నట్టు. అప్పటికి నిజంగా నాకు కారణం తెలియదు. కానీ ఆ మాట విన్నప్పుడు నా కడుపు చల్లబడింది. ఎంత చల్లబడిందో మీకు చెప్పలేను. ఎండాకాలం మధ్యాహ్నం కుండలో నీళ్లు తాగినట్టు ఉండింది.

సలోమి ఏడవలేదు. ఒక పొడుగు నోటు పుస్తకం కొనుక్కుని, తను పంపిన ప్రతిసారీ టైం రాయడం మొదలుపెట్టింది. సరిగ్గా పోతే టిక్కు, ఆగిపోతే ఇంటూ. ఇరవై రోజులు రాసింది. తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక, చెయ్యి కడుక్కుని ఆ పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. నేను మరిచిపోలేని మాటలు అవే. ఒక్కటీ మార్చకుండా రాస్తున్నాను.

"అక్కా, ఈడ చూడు. ఇంటూలన్నీ యాడ పడినాయో చూడు. పన్నెండుకు, ఒకటిన్నరకు, మూడుకు, నాలుగున్నరకు. నేను నాకు తోచినప్పుడు పంపితే ఒగసారి కూడా ఆగలే. సారు గడియ చూసి కొట్టమన్నప్పుడే ఆగిపోతాంది."

"అయితే?" అన్నాను.

"సర్వర్ల ఏదో అరగంటకోసారి లేస్తాండాదక్కా. పాతది ఏమన్నా ఉండాదేమో. నాకు లోపలికి పోనీకి పాస్‌వర్డు ల్యాదు, నీ దగ్గరే ఉండాది. ఒగసారి చూస్తావా? నీకు పుణ్యముంటాది."

సర్వర్ లోపల అన్నీ చూసే అధికారం నిజంగానే నా ఒక్కదానికే ఉండేది. సారుకు నమ్మకమైన పాత మనిషిని కదా. చూస్తానని లేచి నా బల్ల దగ్గరికి వచ్చాను. తెరిచాను. అడుగు దాకా పోనక్కర్లేదు, పైనే కనబడింది. నా గడియారం పని. దాని మీద గుర్తు కోసం నేనే రాసిపెట్టుకున్న మాట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: అరగంటకోసారి తెచ్చుకో, దీన్ని ఎవరూ తీయొద్దు.

ఒక్క వరుస. తీసేయడానికి రెండు క్షణాలు చాలు. తీసేసి, పాపా దొరికింది, నాదే తప్పు, మరిచిపోయాను అంటే అయిపోయేది. సారు రెండు మాటలు అనేవాడు. అంతే. నన్ను ఎవరూ పంపించేవాళ్లు కాదు. ఆ సంగతి కూడా నాకు తెలుసు. భయం కాదండీ. భయమని మీకు చెప్పాలని ఎంత ఉందో! భయమైతే మీరు నన్ను కొంచెం క్షమిస్తారు. కాదు. నాకు ఆ ఇంటూలు కావాలి. ఆ పుస్తకంలో ఇంకొన్ని ఇంటూలు పడాలి. అంత తెలివిగా టైంలు రాసి, వేలు పెట్టి చూపించి, నేను ఎనిమిదేళ్లు నడిపినదాన్ని ఇరవై రోజుల్లో కనిపెట్టిన ఆ పిల్ల, ఒక్క పాస్‌వర్డు లేక నా ముందు నిలబడి అడుగుతోంది. ఆ నిలబడడం నాకు నచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె నిజంగా నన్ను అడిగింది. మర్యాదకు కాదు, అవసరానికి.

తెర మూసేశాను. ఆమె దగ్గరికి పోయాను.

"ఏమీ ల్యాదు పాపా. అంతా చూసినా. నీ దాంట్లోనే ఏదో ఉంటాది, సరిగ్గా చూసుకో."

"నిజంగా ఏం ల్యాదా అక్కా?"

"నా మీద నమ్మకం ల్యాదా?"

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "అయ్యో, అట్ల కాదక్కా" అని పుస్తకం మూసింది. తనే తప్పు చేసినట్టు రెండు రోజులు నాకు టీ తెచ్చి ఇచ్చింది. తాగాను.

ఆ తర్వాత శ్రావణ మాసం. ధర్మవరం షావుకారికి ఏడాదంతటిలో పెద్ద అమ్మకం వరలక్ష్మీ వ్రతానికే. కొత్త చీరలు, కొత్త బొమ్మలు, కొత్త పేజీలు, అన్నీ సలోమి చేసింది. బాగా చేసిందని ఒప్పుకోవడానికి కూడా అప్పుడు నాకు నోరు రాలేదు. శుక్రవారం పన్నెండుకు రాహుకాలం దాటగానే వదలాలి. షావుకారు స్వయంగా మిఠాయి డబ్బాతో వచ్చి సారు పక్కన కూర్చున్నాడు. సలోమి పది నిమిషాల ముందు నా దగ్గరికి వచ్చి, రెండు నిమిషాలు ఆగి కొడితే మంచిదని సారుకు చెప్పమని బతిమాలింది. తను చెప్తే వినడు, నేను చెప్తే వింటాడు. నేను చెప్పలేదు. గడియలో వేలు పెడితే సారుకు కోపమని అన్నాను. సరిగ్గా పన్నెండు. సారు ఫోను చూసి అన్నాడు, "ఊఁ, కొట్టమ్మా." కొట్టింది.

ఆగిపోయింది.

మళ్లీ కొట్టింది. ఈసారి ఆ తాళం ఊడకుండా అట్లాగే ఉండిపోయింది. మళ్లీ. మళ్లీ. షావుకారు ఫోనులో తెల్ల పేజీ. కొనుక్కునేవాళ్లు ఆయనకు ఫోన్లు చేస్తున్నారు, సెట్టీ ఏమైంది, చీరలు కనపడడంలేదు అని. సలోమి నా వైపు తిరిగి, అక్కా, లోపల తాళం ఫైలు ఉండిపోయింటాది, తీసేయక్కా అంది. నేను పాస్‌వర్డు తప్పు కొట్టాను. ఒకసారి. రెండోసారి. కావాలనే. ముప్పావు గంట అలా సాగదీశాను. సలోమి నుదుటి మీద చెమట కారుతోంది, కళ్లు తెరను వదలడం లేదు. నేను అదంతా చూస్తూ తప్పు పాస్‌వర్డు కొట్టాను. ఎంత రాక్షసినో చూడండి. చివరికి లోపలికి పోయి తాళం తీశాను. పేజీలన్నీ వచ్చాయి. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"అమ్మ ఉండబట్టి సరిపోయింది" అన్నాడు సారు. తర్వాత సలోమి వైపు తిరిగాడు. అరవలేదు. ఆయన మంచి మనిషే, తిట్టడం రాదు. ఆమె కుర్చీ వెనక నిలబడి నెమ్మదిగా అన్నాడు. "నీకు పని వచ్చమ్మా. నేను కాదనడంల్యా. కానీ నీ చేతికి ఏదో దోషముండాది. నాది పదిమందికీ జవాబు చెప్పాల్సిన యాపారం. రేపట్నుంచి రావద్దులే."

పని తప్పు అని ఉంటే ఆ పిల్ల వాదించేది. పుస్తకం తెరిచి చూపించేది. చెయ్యి మంచిది కాదంటే ఏం చూపిస్తుంది? తన చేతుల వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. అనుమానంతో కాదు. అక్క ఒక మాట అంటుందేమో అని. నేను మిఠాయి డబ్బా మూత విప్పుతున్నాను. చెప్పులు బయట ఉన్నాయి కదా, ఆ రోజు కూడా బయటే విడిచింది, వేసుకుని మెట్లు దిగి పోయింది. పోతూ నాకు చెప్పి పోయింది. "పోయొస్తానక్కా."

శనివారం పొద్దున ఎవరూ రాకముందే ఆఫీసుకు పోయి ఆ వరుస తీసేశాను. ఆ తర్వాత ఏదీ ఎప్పుడూ ఆగిపోలేదు. సోమవారం మొదటి పుష్ నేనే కొట్టాను. రాహుకాలం దాటిన నిమిషానే, సారు వెనక నిలబడి ఉండగా. చక్కగా పోయింది. సారు మెట్ల దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. అందరికీ నా హస్తవాసి గురించి చెప్పుకున్నాడు. జీతం పెరిగింది. కేక మళ్లీ మొదలైంది, "అమ్మ యాడుండాది?" అని. మొదటి రోజు సంతోషంగానే లేచాను. అబద్ధమెందుకు, చాలా సంతోషంగా లేచాను. ఆ కేక వింటే లేవబుద్ధి కాకపోవడం మొదలైంది తర్వాతే, నెల దాటాక, వాళ్ల మంద సంగతి తెలిసినప్పుడు.

మంద అమ్మేశారు. మేత కొనలేక, రెండు లారీల్లో ఎక్కించి పంపేశారట. వాళ్ల నాయన బెంగుళూరులో ఏదో అపార్టుమెంటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడట. నాకు చెప్పింది టీ కొట్టు మనిషి, వాళ్ల ఊరివాడే. నా టీలో చక్కెర కలుపుతూ మామూలుగా చెప్పాడు. నేను కూడా మామూలుగానే "అయ్యో పాపం" అన్నాను. ఆ రెండు మాటలు నా నోట్లోంచి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. సారుకు చెప్పి ఉండొచ్చు. పిలిపించి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? ఆమె తిరిగి వస్తే మళ్లీ ఆమె కుర్చీ ఉంటుంది, ఆమె కోసం కేక ఉంటుంది, నేను మళ్లీ సగం లేచి కూర్చోవాలి. నిజం ఇదే. పశ్చాత్తాపం ఒక పక్క, ఓర్వలేనితనం ఒక పక్క, రెండూ నాలో పక్కపక్కనే బతికాయి. ఒకటి వస్తే ఇంకోటి పోతుందంటారు. పోదండీ.

మొన్న మా అమ్మ చేనుకు పంట బీమా దరఖాస్తులో ఏదో తప్పు పడిందంటే, సరిచేయించడానికి బత్తలపల్లె పోయాను. అక్కడ కరెంటు లేదు. ముదిగుబ్బలో అయితే వెంటనే చేస్తారని బస్సు కండక్టరు చెబితే అటే పోయాను. బస్టాండు దగ్గర చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, బయట పదిమంది రైతులు. లోపల సలోమి.

నన్ను చూడగానే లేచింది. "అక్కా! రా రా, ఈడ కూర్చో." తన కుర్చీ నాకు వేసింది. నీళ్లిచ్చింది. ముఖంలో కోపం ఏ మూలా లేదు, నిజమైన సంతోషం. ఒక్క నిమిషం ఆగక్కా అని ముందున్న రైతు పని పూర్తి చేసింది. ముసలాయన. పేరు, సర్వే నెంబరు, పంట, అన్నీ చకచకా కొట్టింది. అవే వేళ్లు, అదే వేగం. అంతా అయ్యాక ఆఖరి మీట దగ్గర ఆగింది. కీబోర్డు ఎత్తి ఆయన వైపు తిప్పింది.

"ఆ మీట నువ్వే నొక్కు తాతా. నా చెయ్యి మంచిది కాదు."

ముసలాయన వేలితో తడుముతూ నొక్కాడు. ఆమె మామూలుగా కాగితం తీసి చేతికిచ్చింది. తర్వాతి మనిషికి కూడా అంతే. ఆ తర్వాత మనిషికి కూడా. అక్కడ వరుసలో నిలబడిన వాళ్లెవరికీ అది వింతగా లేదు. ఆ అమ్మి అంతే, ఆఖరి మీట తను నొక్కదు అని వాళ్లకు అలవాటైపోయింది. ఒక్కసారి కూడా పంచాంగం నమ్మని పిల్ల, ఇరవై రోజులు టైంలు రాసి కారణం కనిపెట్టిన పిల్ల, ఇప్పుడు తన చేతిని తనే నమ్మడం లేదు. నేను తీసింది ఉద్యోగం ఒక్కటే అనుకున్నాను ఇన్నేళ్లూ.

నా వంతు వచ్చింది. మా అమ్మ దరఖాస్తు సరిచేసింది. కీబోర్డు నా వైపు తిప్పింది. "నువ్వు నొక్కక్కా. నీ చెయ్యి మంచిది."

నొక్కాను. నోరు తెరిచాను కూడా. "సలోమీ" అన్నాను. ఏమక్కా అంది. ఏం లేదు పాపా, పోయొస్తా అన్నాను. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని అనంతపురం దాకా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. పక్కన జనం ఉన్నారని ఊరుకున్నాను. అప్పుడు కూడా జనం ఏమనుకుంటారోనన్నదే నా లెక్క!

ఆమెకు చెప్పకుండా మాకెందుకు చెబుతున్నావని మీరు అడగవచ్చు. అడగండి. నేను రోజూ అడుగుతున్నాను. క్షమించమని నేనడగడం లేదు, ఆ హక్కు మీ దగ్గర లేదు, ఆమె దగ్గర ఉంది, ఆమె ఇవ్వనక్కర్లేదు. ఇది అచ్చయి ఆమె కంట పడవచ్చు. పడాలని ఉంది. పడకూడదని కూడా ఉంది. రెండూ నిజమే, ఒకటి దాచి ఒకటి చెప్పను. కానీ ఇంతవరకూ రాశాక ఊపిరి కొంచెం కిందికి దిగుతోంది. ఇంకా మూడు వాక్యాలున్నాయి. అవి మీకు కాదు.

సలోమీ, అరగంటకోసారి లేచింది నేను పెట్టిన పనే. నువ్వు అడిగిన రోజే చూశాను, చూసి లేదన్నాను. నీ చేతికి ఏ దోషమూ లేదు.